మదర్‌బోర్డు ఎంపిక: షాపుకి బయల్దేరే ముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ కొత్తగా డెస్క్‌టాప్ కట్టించుకునేవాళ్లు ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి వారాల తరబడి ఆరా తీస్తారు. మదర్‌బోర్డు దగ్గరికొచ్చేసరికి "దీనికి సరిపోయేది ఏదో ఒకటి వేసేయండి" అని షాపుకి వదిలేస్తారు. కానీ మిగతా సామానంతా వచ్చి కూర్చునేది ఆ బోర్డు మీదే. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కూలర్, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె), చివరికి మానిటర్ కేబుల్ కూడా దానితో పొంతన కుదరాలి. ఒక్కటి కుదరకపోయినా సిస్టమ్ ఆన్ కాదు, లేదా పెట్టిన డబ్బుకి తగ్గట్టు పనిచేయదు.

మన జిల్లాల్లో దీనికి ఇంకో చిక్కు ఉంది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో, గంటస్తంభం వైపో ఉన్న షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే నాలుగైదు రకాల బోర్డులే స్టాకులో ఉంటాయి. కావాల్సిన మోడల్ కోసం విశాఖ వెళ్లాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. డబ్బా సీలు తీశాక బోర్డు వెనక్కి తీసుకునేవాళ్లు తక్కువ. కాబట్టి లెక్కంతా ఇంటి దగ్గరే, ఒక కాగితం మీద తేల్చుకోవాలి.

1. కాగితం మీద ముందుగా రాయాల్సినవి

పైన పని ఏమిటో రాయండి. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలకీ, నెట్ సెంటర్‌కీ, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోకీ, ఇంజనీరింగ్ విద్యార్థికీ కావాల్సిన బోర్డులు ఒకటి కావు. దాని కింద ప్రాసెసర్ పూర్తి పేరు రాయండి. "ఐ5" అని రాస్తే చాలదు, "ఐ5-12400" అనో "ఐ5-12400ఎఫ్" అనో రాయాలి. చివర ఉన్న ఆ ఒక్క అక్షరం వల్ల గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అవుతుంది: ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో డిస్‌ప్లే ఇచ్చే భాగం ఉండదు. ఏఎండీలో రైజెన్ 5 5600కి అది లేదు, 5600జీకి ఉంది.

తర్వాత ఇంట్లో ఇప్పటికే ఉన్న సామాను రాయండి. మానిటర్ వెనక వీజీఏ ఉందా, హెచ్‌డీఎంఐ ఉందా, పాత ర్యామ్ డీడీఆర్3నా 4నా (ఇవి ర్యామ్ తరాల పేర్లు), క్యాబినెట్ ఎంత పెద్దది, ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లు.

ఒక మాట. మన వైపు డబ్బా మొత్తాన్నీ "సీపీయూ" అంటారు. షాపులో బోర్డు గురించి మాట్లాడేటప్పుడు చిప్‌ని "ప్రాసెసర్" అనే అనండి. లేకపోతే "సీపీయూ ఎంత?" అన్న ప్రశ్నకి మొత్తం సిస్టమ్ ధర చెబుతారు.

2. సాకెట్

ప్రాసెసర్ కూర్చునే చోటు సాకెట్. ఇక్కడ సర్దుబాటు అనేది లేదు, సరిపోతుంది లేదా సరిపోదు. ఇప్పుడు మార్కెట్లో కనిపించేవి ప్రధానంగా నాలుగు.

ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లకి ఎల్‌జీఏ1700. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసకి ఎల్‌జీఏ1851. ఏఎండీలో రైజెన్ 1000 నుంచి 5000 వరకు ఏఎం4, రైజెన్ 7000, 8000, 9000లకి ఏఎం5. ఏఎం5 వచ్చింది 2022లో, కనీసం 2027 వరకు దాన్ని కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. మూడు నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి. ఎల్‌జీఏ1700లో 14వ తరమే ఆఖరు. ఏఎం4 కూడా దాదాపు చివరికొచ్చినట్టే. అంతమాత్రాన అవి పనికిరానివేం కావు, తక్కువ బడ్జెట్‌లో ఇప్పటికీ గట్టివే. బోర్డుతోపాటే మార్చాల్సి వస్తుందని తెలిసి కొనాలి, అంతే.

సాకెట్ పేరు ఒకటే అయినంత మాత్రాన పడుతుందని నమ్మకండి. ఎల్‌జీఏ1151 అనే ఒకే పేరు మీద ఇంటెల్ 6, 7 తరాలకి ఒక రకం బోర్డులు, 8, 9 తరాలకి ఇంకో రకం బోర్డులు వచ్చాయి. ప్రాసెసర్ సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది, సిస్టమ్ మాత్రం లేవదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

3. "కొత్త బోర్డు" పేరుతో పాత చిప్‌సెట్

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పిల్లల చదువు కోసం అప్పోసప్పో చేసి కొనే ఇళ్లల్లో ఎక్కువగా నష్టం జరిగేది ఇలాగే. "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కొత్త బోర్డు, వారంటీ" అని ఆశ్చర్యపోయేంత తక్కువ ధరకి అసెంబుల్డ్ సెట్ చూపిస్తారు. బోర్డు నిజంగానే కొత్తగా తయారైందే, సీలు కూడా ఉంటుంది. కానీ దాని మీద చిప్‌సెట్ (బోర్డు ఏమేం చేయగలదో నిర్ణయించే చిప్) హెచ్61 లేదా హెచ్81. హెచ్61 వచ్చింది 2011లో, హెచ్81 2013లో. మీద పెట్టిన ఐ7 ఎక్కడో ఆఫీసుల్లో పదేళ్లు తిరిగి వచ్చిన మూడో తరమో నాలుగో తరమో. ఇప్పటి ఐ3-12100 దాన్ని అలవోకగా దాటేస్తుంది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు 8వ తరం నుంచే మొదలవుతాయి, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే కొన్న రోజే ఆ సిస్టమ్ వయసైపోయింది.

కనిపెట్టడం కష్టమేం కాదు. "అన్నయ్యా, బోర్డు చిప్‌సెట్ ఏంటి? ప్రాసెసర్ నంబరెంత?" అని అడగండి. ఐ5-3470లో మొదటి అంకె 3, అది మూడో తరం. ఐ7-4770 నాలుగో తరం. ఐ5-12400లో మొదటి రెండంకెలు 12. సిస్టమ్ ఆన్‌లో ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కితే పూర్తి పేరు కనిపిస్తుంది, కొన్ని విండోస్ వెర్షన్లలో పక్కనే మెమరీ మీద నొక్కితే ర్యామ్ రకం కూడా తెలుస్తుంది. అక్కడ డీడీఆర్3 అని ఉంటే ఆలోచించకుండా లేచి రండి. నంబరు చెప్పడానికి తటపటాయించే చోట కొనొద్దు.

4. చిప్‌సెట్: ఎంత వరకు చాలు

సాకెట్ తేలాక చిప్‌సెట్. ర్యామ్ స్లాట్లు, పోర్టులు, ఎస్‌ఎస్‌డీ వేగం, ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని మామూలు వేగానికి మించి నడపడం) అన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

ఎల్‌జీఏ1700లో హెచ్610 అన్నిటికంటే చవక. ర్యామ్ స్లాట్లు రెండే. ఎస్‌ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాట్ సాధారణంగా ఒకటే, అదీ పీసీఐఈ (ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డులకి డేటా వెళ్లే దారి) 3.0 వేగంతో. ర్యామ్‌ని దాని మామూలు వేగానికి మించి నడపనివ్వదు. లెక్కలు, బిల్లింగ్, ఆన్‌లైన్ దరఖాస్తులు, క్లాసులు వినడం వరకు ఐ3-12100కి ఇది నిండుగా సరిపోతుంది. దీనికంటే ఎక్కువ పెట్టడం వృథా. బి760కి వస్తే సాధారణంగా మూడు నాలుగు వేలు ఎక్కువ పడుతుంది. బదులుగా చాలా మోడళ్లలో నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 స్లాట్లు, పీసీఐఈ 4.0 వేగం, ర్యామ్‌ని దాని మీద రాసిన పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ, కాస్త మెరుగైన పవర్ సర్క్యూట్ వస్తాయి. స్టూడియో పనికీ, గ్రాఫిక్స్ కార్డు పెట్టేవాళ్లకీ ఇదే సరైన చోటు. జెడ్790 తీసుకోవాల్సింది చివర కే ఉన్న ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసేవాళ్లు మాత్రమే. కే లేని ప్రాసెసర్‌ని జెడ్ బోర్డు మీద పెట్టమని ఎవరైనా చెబితే వాళ్లు మీ డబ్బు ఖర్చు చేయిస్తున్నట్టే. కోర్ అల్ట్రాకి ఇదే వరుసలో హెచ్810, బి860, జెడ్890.

ఏఎం4లో ఏ520, బి450, బి550. వీటిలో పీసీఐఈ 4.0 ఉన్నది బి550కే, అది కూడా 5600 లాంటి ప్రాసెసర్ పెడితేనే. 5500 గానీ 5600జీ గానీ పెడితే బి550 మీద కూడా 3.0 వేగమే వస్తుంది, ఎందుకంటే ఆ పరిమితి ప్రాసెసర్‌లో ఉంది. ఇంకో చిక్కు: పాత రైజెన్ 3 3200జీ చేతిలో ఉంటే బి550 దాన్ని అధికారికంగా తీసుకోదు, బి450 తీసుకుంటుంది. కొత్త బోర్డు కదా పాత ప్రాసెసర్ ఎందుకు పట్టదు అనుకుంటే ఇక్కడ బోల్తా పడతారు.

ఏఎం5లో ఏ620, బి650, బి850 చాలామంది అవసరాలకి సరిపోతాయి. బి840 పేరు బి850కి దగ్గరగా ఉన్నా స్థాయి తక్కువ, దాని చిప్‌సెట్ నుంచి వచ్చేవి పీసీఐఈ 3.0 లైన్లే, ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కూడా లేదు.

5. తయారీదారు జాబితా, బయోస్

ఇప్పుడు మీ మనసులో ఒక మోడల్ ఉంటుంది. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిచి, సపోర్ట్ కింద సీపీయూ జాబితా చూడండి. మీ ప్రాసెసర్ పేరు ఉండాలి. పక్కన ఏ బయోస్ (ఆన్ చేయగానే బోర్డుని లేపే ప్రోగ్రామ్) వెర్షన్ నుంచి పనిచేస్తుందో కూడా రాసి ఉంటుంది, దాన్ని కాగితం మీదికి ఎక్కించండి. మోడల్ పేరు అక్షరం అక్షరం సరిపోవాలి. చివర "డీ4" ఉంటే డీడీఆర్4 బోర్డు, బి760 తర్వాత "ఎం" ఉంటే చిన్న సైజు బోర్డు. కొన్ని కంపెనీలు ఒకే పేరుతో రివిజన్లు మారుస్తుంటాయి, ఆ నంబరు బోర్డు మూలన అచ్చు వేసి ఉంటుంది. రివిజన్ మారితే జాబితా, బయోస్ ఫైలు రెండూ మారతాయి.

12వ తరం నాటి బి660 బోర్డు మీద 14వ తరం ప్రాసెసర్ పనిచేస్తుంది, కానీ బయోస్ కొత్తదై ఉండాలి. బి650 మీద రైజెన్ 9000 అయినా అంతే. ఊళ్లో షాపులో ఏడాదిగా అరలో ఉన్న బోర్డులో పాత బయోస్ ఉండటం మామూలే. ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ వెనక ఉంటే బాధ లేదు. లేకపోతే షాపులోనే అప్‌డేట్ చేయించి, స్క్రీన్ మీద వెర్షన్ చూసి తీసుకోండి.

13, 14 తరాల్లో ఎక్కువ పవర్ లాగే డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి ఇది మరీ ముఖ్యం. వోల్టేజీ అవసరానికి మించి వెళ్లి కొన్ని చిప్‌లు పాడయ్యాయి. దాన్ని ఆపడానికి ఇంటెల్ 2024లో 0ఎక్స్129, తర్వాత 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ నడకని సరిదిద్దే చిన్న కోడ్‌లు) విడుదల చేసింది. అవి కలిసిన బయోస్ లేకుండా ఆ ప్రాసెసర్లని ఒక్క రోజు కూడా నడపొద్దు. పాడైన చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు.

6. ర్యామ్

ఏఎం4కి డీడీఆర్4, ఏఎం5కీ ఎల్‌జీఏ1851కీ డీడీఆర్5. ఎల్‌జీఏ1700లో మాత్రం రెండు రకాల బోర్డులూ ఉన్నాయి, బోర్డు ఏదైతే ర్యామ్ అదే. రెండింటికీ 288 పిన్నులే, పొడవూ ఒకటే, కానీ మధ్యలో ఉన్న గాడి చోటు వేరు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గాడి కొద్దిగా జరిగి ఉండటం కంటికే తెలుస్తుంది. ర్యామ్ దిగట్లేదని బలంగా నొక్కితే స్లాట్ పగులుతుంది. మామూలుగా దిగనిది ఆ స్లాట్‌ది కాదు.

ఒక 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీలు మేలు, ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు. డిస్‌ప్లే భాగం ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి డ్యూయల్ చానల్‌లో (రెండు స్టిక్‌లు జంటగా పనిచేస్తే) తేడా బాగా కనిపిస్తుంది. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ వాడండి. డీడీఆర్5లో నాలుగు స్టిక్‌లూ నింపితే వేగం బాగా పడిపోతుంది. రైజెన్ 7000కి నాలుగు స్టిక్‌లతో అధికారిక వేగం 3600 మాత్రమే. అందుకని రేపు ఇంకో రెండు వేసుకుందాంలే అని చిన్నవి కొనకుండా, కావాల్సినంత రెండు స్టిక్‌లలోనే కొనండి. హెచ్610 మీద 6000 వేగం ర్యామ్ పెడితే అది 4800 లేదా 5600కి దిగి నడుస్తుంది, పెట్టిన అదనపు డబ్బు దండగ.

7. పవర్ సర్క్యూట్, మన ఎండలు

ప్రాసెసర్ సాకెట్ చుట్టూ చిన్న చిన్న నల్ల చిప్‌లు, బూడిదరంగు చతురస్రపు కాయిల్స్ ఉంటాయి. అదే వీఆర్‌ఎం. ఎస్‌ఎంపీఎస్ పంపే 12 వోల్టులని ప్రాసెసర్‌కి కావాల్సిన ఒక వోల్టు చుట్టుపక్కలకి దించేది ఇదే. ఆ పనిలో వేడెక్కుతుంది. చవక బోర్డుల్లో దాని మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మె) ఉండదు.

ప్రాసెసర్ డబ్బా మీద 65 వాట్లని చూసి మోసపోవద్దు. ఐ5-12400 అవసరమైనప్పుడు 117 వాట్ల దాకా, ఐ5-14400 148 దాకా, ఐ7-14700 219 దాకా లాగుతాయి. ఏఎం5లో 65 వాట్ల చిప్ 88 వరకు, 105 వాట్లది 142 వరకు తీసుకుంటుంది. మే నెలలో రాజాం, బొబ్బిలి వైపు ఏసీ లేని గదిలో 40 డిగ్రీలుంటే క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువే. అలాంటప్పుడు హీట్‌సింక్ లేని హెచ్610 మీద ఐ7 పెట్టి గంటసేపు వీడియో రెండర్ చేస్తే వీఆర్‌ఎం కాగిపోయి, బోర్డు తనని తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం ఉన్నట్టుండి తగ్గించేస్తుంది. ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తే మామూలుగానే ఉంటుంది, అందుకే తప్పు ఎక్కడుందో చాలామందికి అంతుపట్టదు.

ఐ3కి, ఐ5-12400కి హీట్‌సింక్ లేకపోయినా నడిచిపోతుంది. ఐ5-14400, రైజెన్ 7 నుంచి పైకి వెళ్తే వీఆర్‌ఎం మీద కనీసం ఒక వైపైనా గట్టి హీట్‌సింక్ ఉన్న బోర్డే తీసుకోండి. రంగుల లైట్లకి పెట్టే డబ్బు ఇక్కడ పెడితే ఎండాకాలం గడుస్తుంది.

8. ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు

ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో వేగంగా నడిచే ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లూ ఉన్నాయి, నెమ్మదైన పాత పద్ధతి సాటా డ్రైవ్‌లూ ఉన్నాయి. కొన్ని స్లాట్లు ఎన్‌వీఎంఈని మాత్రమే గుర్తిస్తాయి. ల్యాప్‌టాప్ నుంచి తీసిన ఎం.2 సాటా డ్రైవ్ పెడదామనుకుంటే ముందు మాన్యువల్ చూడండి. అదే పేజీలో "ఈ స్లాట్ వాడితే ఫలానా సాటా పోర్టు పనిచేయదు" అనే గమనిక కూడా ఉండవచ్చు. పాత ఫొటోల హార్డ్‌డిస్క్ కనిపించట్లేదని స్టూడియోల వాళ్లు కంగారుపడే సందర్భాల్లో కొన్ని ఇవే. డిస్క్ బాగానే ఉంటుంది, కేబుల్ పక్క పోర్టులోకి మారిస్తే చాలు.

గ్రాఫిక్స్ కార్డు ఏ తరం పీసీఐఈ స్లాట్‌లోనైనా పనిచేస్తుంది, కానీ అన్ని కార్డులూ ఆ స్లాట్‌లోని 16 లైన్లు (డేటా దారులు) వాడవు. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 ఎనిమిది లైన్లే వాడతాయి, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగే. నాలుగు లైన్ల కార్డుని పీసీఐఈ 3.0 బోర్డు మీద పెడితే ఆటల్లో స్పష్టంగా నష్టపోతారు. అది కొనేటట్టయితే బోర్డు, ప్రాసెసర్ రెండూ 4.0వి కావాలి.

9. వెనక పోర్టులు, సైజు, క్యాబినెట్

పాత మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే బోర్డుకి వీజీఏ ఉందో లేదో చూడండి. చాలా హెచ్610 బోర్డులకి ఇప్పటికీ ఉంది. నెట్ సెంటర్‌లో ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, వెబ్‌క్యామ్, కీబోర్డు, మౌస్ కలిపి ఆరు యూఎస్‌బీలు ఊరికే అయిపోతాయి, కాబట్టి వెనక ఆరు ఉన్న బోర్డు చూడండి. వైఫై కావాలంటే వైఫై ఉన్న మోడల్ తీసుకోవడం సులువు. తర్వాత విడిగా కార్డు వేసుకుంటే ఇంటెల్ ఏఎక్స్211 ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తుంది, ఏఎక్స్210 ఏఎండీలో కూడా పనిచేస్తుంది.

సైజులు మిల్లీమీటర్లలో: ఏటీఎక్స్ 305 × 244, మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు పడుతుంది. బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌ల పాత క్యాబినెట్‌లో కొత్త బోర్డు పెడదామనుకునేవాళ్లు ఆగండి: వాటిలో చాలావాటికి స్క్రూ రంధ్రాలు, పవర్ బటన్ వైర్లు, ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గు అన్నీ సొంత పద్ధతిలో ఉంటాయి. క్యాబినెట్ ముందు టైప్-సీ పోర్టు ఉంటే బోర్డు మీద దానికి వేరే హెడర్ (వైరు గుచ్చే చోటు) ఉండాలి, లేకపోతే ఆ పోర్టు అలంకారమే.

కూలర్ కూడా కాగితం మీదికి రావాలి. ఎల్‌జీఏ1200 కూలర్ ఎల్‌జీఏ1700కి పట్టదు, రంధ్రాల దూరం 75 నుంచి 78 మిల్లీమీటర్లకి మారింది. ఏఎం4 కూలర్లలో బోర్డుతో వచ్చిన వెనక పలకనే వాడేవి ఏఎం5కి పడతాయి, సొంత పలక బిగించేవి పట్టవు. ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల ప్లగ్గుతో పాటు ప్రాసెసర్ కోసం 4+4 పిన్నుల ప్లగ్గు రావాలి. గ్రాఫిక్స్ కార్డుకి వచ్చే 6+2 ప్లగ్గు చూడ్డానికి అలాగే ఉంటుంది, దాన్ని అక్కడ గుచ్చొద్దు. పోలారిటీ వేరు, బోర్డు కాలిపోతుంది.

10. కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు

డబ్బు కట్టే ముందు డబ్బా అక్కడే తెరిపించండి. ఇంటెల్ బోర్డుల్లోనూ ఏఎం5లోనూ పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. నల్లటి ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేయండి. పిన్నుల వరుసలన్నీ నాట్లేసిన మడిలా ఒకే తీరుగా మెరవాలి. బోర్డుని నెమ్మదిగా తిప్పుతుంటే మెరుపు వరుస వెంట పాకాలి. ఎక్కడైనా ఒక చుక్క ఆరిపోయినట్టుగానో, పక్కకి మెరుస్తున్నట్టుగానో ఉంటే ఆ పిన్ను వంగింది. తర్వాత చెబితే "మీరే వంచారు" అంటారు, వంగిన పిన్నుకి వారంటీ వర్తించదు. సాకెట్ ఫొటో అక్కడే తీసుకోండి. నల్ల మూతని పారేయొద్దు, రేపు వారంటీకి పంపాలంటే అది పెట్టే పంపాలి.

బిల్లులో బోర్డు సీరియల్ నంబరు ఉండాలి, అది డబ్బా మీదా బోర్డు మీదా ఒకటే కావాలి. వెనక పోర్టుల రేకు, ఎం.2 స్క్రూ, సాటా కేబుళ్లు ఉన్నాయో లేదో చూడండి. ఆ చిన్న స్క్రూ పోతే విడిగా దొరకడం కష్టం.

11. బిగించడం, మొదటిసారి ఆన్ చేయడం

క్యాబినెట్‌లో పెట్టకముందే, బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడండి. మెరిసే యాంటీస్టాటిక్ కవర్ మీద మాత్రం పెట్టొద్దు, దాని పైభాగం కరెంటు పారనివ్వవచ్చు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, రెండు పవర్ ప్లగ్గులు చాలు, డిస్‌ప్లే భాగం లేని ప్రాసెసర్ అయితే గ్రాఫిక్స్ కార్డు కూడా. ఏఎం5లో మొదటిసారి ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని స్విచ్ ఆపేయొద్దు, పది నిమిషాలైనా ఆగండి.

ఆ తర్వాత క్యాబినెట్. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డు రేకుకి తగలకుండా ఎత్తి ఉంచే చిన్న కాళ్లు) బోర్డు రంధ్రాలు ఉన్నచోట్లే ఉండాలి. మైక్రో ఏటీఎక్స్ బోర్డు పెడుతూ ఏటీఎక్స్ కోసం బిగించిన స్టాండాఫ్ ఒకటి మర్చిపోతే అది బోర్డు అడుగున తగిలి షార్ట్ చేస్తుంది. బయట వెలిగిన బోర్డు లోపల పెట్టగానే చచ్చిపోయిందంటే మొదట చూడాల్సింది ఇదే.

డిస్‌ప్లే రాకపోతే కేబుల్ ఎక్కడ గుచ్చారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ కార్డుకి గుచ్చాలి. కొన్ని బోర్డుల అంచున సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి, ఏది ఆరకుండా వెలుగుతుందో తప్పు అక్కడ ఉంది. డీర్యామ్ దగ్గర ఆగితే స్టిక్ తీసి "టక్" మనేదాకా మళ్లీ నొక్కండి, చాలాసార్లు తప్పు అదే.

ఏఎం4 కూలర్ ఎప్పుడైనా తీయాల్సి వస్తే నిలువునా లాగొద్దు. పేస్ట్ ఎండి పట్టేసి ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వచ్చేస్తుంది, దాని పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు సిస్టమ్ నడిపి వేడెక్కాక ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులయ్యాకే ఎత్తండి.

12. ఎర్తింగ్, పిడుగు, ఉప్పుగాలి

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే బోర్డు తప్పు కాదు, ఇంటి వైరింగ్‌లో ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ నుంచి వచ్చే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారి లేక రేకు మీద ఉంటుంది. అలాంటి ఇంట్లో సిస్టమ్ ఆన్‌లో ఉండగా ప్రింటర్, హెచ్‌డీఎంఐ కేబుళ్లు గుచ్చడం వల్ల పోర్టులు పోతాయి. ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ వేయించండి.

ఏప్రిల్, మే సాయంత్రాల పిడుగులకి ముందుగా పోయేది బోర్డు మీది లాన్ (నెట్ వైరు గుచ్చే) పోర్టు. ఫైబర్ గాజు కాబట్టి అందులోంచి కరెంటు రాదు, కానీ ఇంట్లో ఉన్న ఫైబర్ పెట్టె అడాప్టర్ నుంచి లాన్ వైరు ద్వారా రావచ్చు. స్తంభం నుంచి రాగి వైరుతో నెట్ వచ్చే ఇళ్లల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉరుములు మొదలవగానే పవర్ ప్లగ్గుతోపాటు లాన్ వైరూ పీకేయండి. బయోస్ అప్‌డేట్ మాత్రం యూపీఎస్ మీదే చేయండి. మధ్యలో కరెంటు పోతే, ఫ్లాష్‌బ్యాక్ లేని బోర్డు ఇక లేవకపోవచ్చు.

కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుతేమ ర్యామ్ బంగారు పూతల మీద పొరలా పడుతుంది. కొన్నాళ్లు వాడకుండా ఉంచిన సిస్టమ్ డిస్‌ప్లే ఇవ్వకపోతే, ప్లగ్గు తీసి, ర్యామ్ తీసి, ఆ అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టండి. వాడని యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ పోర్టులకి రబ్బరు మూతలు దొరుకుతాయి, వెయ్యండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సిస్టమ్ తేదీ వెనక్కి వెళ్తుంటే బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయినట్టు. వాచీ షాపులో కూడా దొరుకుతుంది, ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, బయోస్‌లోకి వెళ్లి తేదీ, ఎక్స్‌ఎంపీ మళ్లీ సరిచేసుకోండి.